గాజుల లక్ష్మీనరసు శెట్టి

గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868) మద్రాసులో స్థిరపడ్డ తెలుగు వర్తక కుటుంబంలో పుట్టి, రైతుల గోడును లండన్ పార్లమెంటు దాకా తీసుకెళ్లిన ప్రజానాయకుడు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లిషు పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. దక్షిణాదిలో రాజకీయ సంఘం అనదగ్గది మొదట అదే. కాంగ్రెసు పుట్టడానికి అది ముప్పైమూడేళ్ల ముందటి మాట. జీవితం చివరి సంవత్సరాల్లో మద్రాసు శాసనమండలిలో సభ్యుడిగా ఉన్నాడు.

ఆయన మద్రాసువాడు, బేరసారాలు తెలిసిన శెట్టి. అయినా గుంటూరు సీమలోని తుళ్లూరు నల్లరేగడి మీద కాడి పట్టిన రైతు ఆ రోజుల్లో పడిన బాధలు ఏమిటో తెలుసుకోవాలంటే, ఆయన రాయించిన అర్జీలు చదవాల్సిందే. శిస్తు భారం, వసూలులో దౌర్జన్యం, పూడిపోయిన చెరువులు, కోర్టుల్లో ఏళ్లకేళ్లు నానే వ్యాజ్యాలు, ఉప్పు ధర, మగ్గం మీద పన్ను. ఆ సీమలో వీటిలో ఒక్కటి కూడా ఎరగని ఇల్లు లేదు.

వర్తకం

తండ్రి సిద్ధులు శెట్టి మద్రాసులో నీలిమందు వ్యాపారి. తెలుగు బలిజ కుటుంబం. లక్ష్మీనరసుకు బడి చదువు పెద్దగా సాగలేదు. చిన్నప్పుడే తండ్రి దగ్గర లెక్కల్లో కూర్చుని పని నేర్చుకున్నాడు. తర్వాత తండ్రీకొడుకుల పేరు మీదే నడిచిన దుకాణం మద్రాసు రుమాళ్ల ఎగుమతిలో బాగా గడించింది.

మద్రాసు రుమాలు గురించి కొంచెం చెప్పాలి. ఇప్పటి చేతిరుమాలు కాదది. సుమారు గజం చదరాన ఉండే గళ్ల గుడ్డ. ఎరుపు, నీలం రంగులే ముఖ్యం. ఎరుపు చిరివేరు నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. పేరుకే మద్రాసు, నేసింది కోరమాండల్ తీరం పొడవునా ఉన్న ఊళ్లలో, అందులో చీరాల ప్రాంతానిది పెద్ద చెయ్యి. అవి ఓడలెక్కి లండన్ వర్తకుల చేతుల మీదుగా పశ్చిమాఫ్రికా దాకా వెళ్లేవి. అక్కడ పండుగలకూ చావులకూ అవి లేకుండా జరిగేది కాదు. అంటే ఒక్క రుమాలులో పత్తి రైతు, వడికిన ఆడమనిషి, రంగులద్దినవాడు, నేతగాడు, బండివాడు, దళారి, ఎగుమతి వర్తకుడు అందరి కష్టమూ కలిసి ఉంటుంది. ఇందులో ఏ ఒక్కడి మీద పన్ను పెరిగినా చివరకు ఆ లెక్క వర్తకుడి పద్దుపుస్తకంలో కనిపిస్తుంది.

లక్ష్మీనరసు శెట్టి రాజకీయానికి వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆయన జమీందారు కాదు, పండితుడు కాదు, సర్కారు ఉద్యోగీ కాదు. ఆ కాలంలో మద్రాసులో పలుకుబడి గల హిందువులు ఎక్కువమంది దుబాసీలు, కోర్టు అనువాదకులు. ఒంగోలు సీమలో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు సదర్ అదాలతులో అనువాదకుడు. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి సుప్రీంకోర్టులో దుబాసీ. వాళ్ల జీతం దొరల చేతిలో ఉండేది. శెట్టి బతుకు తన సొంత తక్కెడ మీద ఆధారపడింది. ఆ స్వేచ్ఛే ఆయన చేత పత్రిక పెట్టించింది.

క్రెసెంట్ పత్రిక

1844లో ‘నేటివ్ సర్క్యులేటర్’ అనే చిన్న పత్రికను కొని, దాన్నే ‘క్రెసెంట్’గా మార్చి, హిందువుల స్థితి మెరుగుపరచడమే దాని పని అని ప్రకటించాడు. ఎడ్వర్డ్ హార్లే అనే ఇంగ్లిషువాణ్ణి సంపాదకుడిగా పెట్టుకున్నాడు. దొరలకు అర్థమయ్యే భాషలో, వాళ్ల తప్పులు వాళ్లకే చదివి వినిపించాలన్నది ఆలోచన. మొదటి నుంచీ ఈస్టిండియా కంపెనీ సర్కారు ఈ పత్రికను పరాయిదానిలాగే చూసింది.

అప్పటి గవర్నరు ట్వీడేల్ ప్రభువు మిషనరీల పట్ల మొగ్గు దాచుకోలేదు. సర్కారు బడుల్లో బైబిలును పాఠ్యగ్రంథం చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. మతం మారినవాడికి పూర్వీకుల ఆస్తిలో హక్కు పోకుండా చట్టం చేయాలన్న ముసాయిదా 1845లో వచ్చింది. అదే ఏడు తిరునల్వేలిలో హిందువులకూ కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లకూ మధ్య ఘర్షణలు జరిగాయి. ఆ కేసుల విషయంలో గవర్నరుతో విభేదించిన సదర్ అదాలతు జడ్జి మాల్కం లూయిన్‌ను పదవి నుంచి తప్పించారు. 1846 అక్టోబరులో మద్రాసులో జరిగిన పెద్ద బహిరంగ సభకు లక్ష్మీనరసు శెట్టి అధ్యక్షుడు. ప్రజల పన్నుతో నడిచే బడిలో ఒక మతాన్ని బోధించకూడదని ఆ సభ గట్టిగా చెప్పింది. బైబిలు ప్రతిపాదన ఆగిపోయింది.

ఆస్తిహక్కు విషయంలో మాత్రం ఈనాటి పాఠకుడు శెట్టితో ఏకీభవించాల్సిన పని లేదు. మనసు మార్చుకున్నంత మాత్రాన ఒక మనిషి తండ్రి పొలంలో వాటా కోల్పోవడం న్యాయం కాదు. ఆ చట్టం 1850లో వచ్చింది, నిలిచింది కూడా. కానీ ఆ పోరాటంలో శెట్టి ఒక పని నేర్చుకున్నాడు. వేలమంది చేత సంతకాలు పెట్టించడం, మహజరు రాయించడం, దాన్ని గవర్నరును దాటించి లండన్‌కు పంపడం. తర్వాత ఆ పనే ఆయన రైతు కోసం చేశాడు.

గుంటూరు సీమ సంగతి

ఆ రోజుల్లో తుళ్లూరు, అమరావతి, మంగళగిరి ప్రాంతమంతా వాసిరెడ్డి వారి జమీ. అమరావతిని రాజధాని చేసుకున్న రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో పోయాడు. ఆయన దత్తపుత్రుల మధ్య వారసత్వ వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. ఇటు శిస్తు బకాయిలు పేరుకుపోయాయి. ఈలోగా 1832–33లో కరువు వచ్చింది. నందన నామ సంవత్సరపు కరువు అనీ, డొక్కల కరువు అనీ పెద్దలు చెప్పుకున్నది ఇదే. ఐదు లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చచ్చిపోయారని అంచనా. కృష్ణ పక్కనే పారుతోంది. దాని నీళ్లను పొలం మీదికి మళ్లించే ఆనకట్ట లేదు. బెజవాడ ఆనకట్ట పని 1852లో గానీ మొదలు కాలేదు.

కరువు తర్వాత జమీలు కోలుకోలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ జిల్లా లెక్కలు విచారించడానికి కమిషనరుగా వచ్చాడు. అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపిన ఇలియట్ ఈయనే. తర్వాత వాటిలో చాలా భాగం లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో ఉండిపోయాయి. అమరావతి పాలరాతి పలకలు మ్యూజియం గోడకెక్కిన సంగతి అందరికీ తెలుసు. అదే కాలంలో ఈ సీమ రైతు మీద పడ్డ శిస్తు కథ అంతగా తెలియదు. జమీలు సర్కారు చేతికి వచ్చాక ఊరంతా కలిసి శిస్తుకు బాధ్యత పడి, వీసాల లెక్కన పంచుకునే విశబడి పద్ధతి నడిచింది. మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, మిగతా చోట్ల ఎక్కువ భాగం రైత్వారీ, అంటే రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి. పద్ధతి పేరు ఏదైనా వసూలుకు వచ్చే మనిషి ఒక్కడే. తాసిల్దారు, అతని కింద డఫేదార్లు, ఊళ్లో మునసబు, కరణం, తలారి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. 1816 నుంచి మద్రాసు రాజధానిలో శిస్తు వసూలూ పోలీసు అధికారమూ ఒకే చేతిలో ఉండేవి. కలెక్టరే మేజిస్ట్రేటు. తాసిల్దారే పోలీసు అధికారి. కొట్టి వసూలు చేసినవాడి మీద ఫిర్యాదు ఇవ్వాలంటే ఆ కొట్టినవాడి దగ్గరికే పోవాలి. రైతు నోరు మూసుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

సంఘమూ అర్జీ

కంపెనీ పాలన గడువు 1853లో ముగుస్తుంది. పార్లమెంటు దాన్ని పొడిగించాలా, మార్చాలా అని తేల్చుకోవాలి. ఇరవై ఏళ్లకోసారి వచ్చే అవకాశం అది. కలకత్తాలో 1851లో బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. దాని శాఖగా 1852 ఫిబ్రవరి 26న మద్రాసు సంఘం మొదలైంది. కొన్ని నెలల్లోనే కలకత్తావాళ్లతో విడిపోయి మద్రాసు నేటివ్ అసోసియేషన్‌గా సొంత కాళ్ల మీద నిలబడింది. కలకత్తా సంఘంలో పెత్తనం జమీందార్లది. అక్కడ శాశ్వత శిస్తు. మద్రాసు రాజధానిలో కష్టమంతా సర్కారుకు నేరుగా శిస్తు కట్టే రైతుది. రెండు సంఘాలూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టడం కుదిరే పని కాదు. శెట్టి ఈ తేడా గ్రహించి తన దారి తాను చూసుకోవడం ఆయన చేసిన పనుల్లో చాలా తెలివైనదని నేను అనుకుంటాను.

1852 చివర సంఘం తయారు చేసిన అర్జీ 1853లో పార్లమెంటు ముందుకు వెళ్లింది. అది విన్నపంలా మొదలవుతుంది గానీ లోపలికి వెళ్తే లెక్కల పుస్తకంలా ఉంటుంది. పంటలో సర్కారు వాటా ఎంత, రైతుకు మిగిలేదెంత, వసూలులో ఎవరెవరు ఎంతెంత తింటారు అన్నీ వరసపెట్టి ఉంటాయి. మొహతర్ఫా మీద పెద్ద ఫిర్యాదు ఉంది. అది చేతివృత్తుల మీద పన్ను. నేతగాడు మగ్గానికి, కమ్మరి కొలిమికి, నూనె తీసేవాడు గానుగకు, చిన్న అంగడివాడు అంగడికి కట్టాలి. పేటలో ఇంటింటికీ మగ్గం ఉన్న చీరాల లాంటి చోట ఈ పన్ను అంటే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఉప్పు గుత్తాధిపత్యం, రోడ్లు లేకపోవడం, చెరువుల మరమ్మతు వదిలేయడం, చదువుకు సర్కారు విదిల్చే కొద్దిపాటి సొమ్ము, శాసనాలు చేసే చోట భారతీయుల మాట వినిపించకపోవడం కూడా అందులో ఉన్నాయి. ఆ ఏడు లండన్‌లో కూర్చుని అమెరికా పత్రిక ‘న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్’కు భారతదేశం గురించి రాస్తున్న కార్ల్ మార్క్స్ కూడా ఈ మద్రాసు అర్జీని ప్రస్తావించాడు.

అర్జీకి లండన్‌లో కొందరు గట్టి మనుషులు దొరికారు. 1853లో అక్కడ ఇండియా రిఫార్మ్ సొసైటీ ఏర్పడింది. అందులో జాన్ బ్రైట్ ఒకడు. రాచ్‌డేల్ పత్తి మిల్లు యజమాని కొడుకు. 1848లో భారతదేశంలో పత్తి సాగు మీద పార్లమెంటు వేసిన కమిటీకి అధ్యక్షుడు. లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి మీదే ఆధారపడటం ప్రమాదమని, గుంటూరు లాంటి నేలల నుంచి మంచి పత్తి రావాలని అతని కోరిక. ఎందుకు రావడం లేదని తవ్వితే శిస్తు, రోడ్లు, నీళ్లు అనే జవాబులే తగిలాయి. స్వార్థంతో మొదలైన ప్రశ్న ఇద్దరు వర్తకుల కొడుకుల్ని ఒకే చోటికి చేర్చింది. రాచ్‌డేల్‌లో బ్రైట్, మద్రాసులో శెట్టి. 1858లో దేశాన్ని ఐదు స్వతంత్ర రాజధానులుగా పాలించాలని బ్రైట్ సూచించాడు. అందులో మద్రాసు ఒకటి.

కిట్టి

ఇండియా రిఫార్మ్ సొసైటీ అధ్యక్షుడు, పార్లమెంటు సభ్యుడు హెన్రీ డాన్బీ సీమర్ 1853 అక్టోబరులో మద్రాసుకు వచ్చాడు. శెట్టి అతన్ని వెంటబెట్టుకుని జిల్లాల్లో తిప్పాడు. సర్కారు చూపించే ఊళ్లు కాక, రైతులు మాట్లాడే ఊళ్లు చూపించాడు. సీమర్ తిరిగి వెళ్లి 1854 జూలైలో కామన్స్ సభలో మాట్లాడాడు. మద్రాసు రాజధానిలో శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారని ఆ చర్చలో బయటపడింది. సభలో అలజడి రేగింది. కంపెనీ మొదట నమ్మలేదు, తర్వాత విచారణకు ఒప్పుకోక తప్పలేదు.

ఆ విచారణకు వేసిన కమిషన్‌లో ముగ్గురు. ఇ. ఎఫ్. ఇలియట్, హడిల్‌స్టన్ స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్. వీరిలో స్టోక్స్ గుంటూరు కలెక్టరుగా పనిచేసినవాడు కాబట్టి ఈ సీమ సంగతి అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. నార్టన్ మద్రాసు లాయరు, ముక్కుసూటి మనిషి. ఫిర్యాదులు ఉన్నవాళ్లు రావచ్చని జిల్లాల్లో ప్రకటన వేయించారు. మొత్తం 1,959 ఫిర్యాదులు వచ్చాయి. 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు; మిగతావాళ్లు ఉత్తరాలు రాయించి పంపారు. స్వయంగా రావడమంటే ఆ రోజుల్లో ఏమిటో గుర్తు చేసుకోవాలి. రైలు లేదు. మూట నెత్తిన పెట్టుకుని, సత్రాల్లో పడుకుని, వందల మైళ్లు నడిచి, తాను ఎన్నడూ చూడని పట్టణంలో ముగ్గురు దొరల ముందు నిలబడి, ఇదిగో నా వేళ్లు చూడండి అని చెప్పడం.

వేళ్లు అనడానికి కారణం కిట్టి. అది రెండు చెక్కలను ఒక చివర తాడుతోనో తోలుతోనో బిగించిన సాధనం. రెండు చెక్కల మధ్య చేతివేళ్లు పెట్టి, విడిగా ఉన్న చివరలను నొక్కుతారు. తెలుగు జిల్లాల్లో దీన్ని చిరత అంటారని నివేదిక రాసింది. భజనలో తాళానికి వాడే చిరతల లాంటి చెక్కలే. రెండోది అనుందాల్. మనిషి తలను కిందికి వంచి, మెడకూ కాలివేళ్లకూ తాడు కట్టి, ఎండలో గంటల కొద్దీ వదిలేయడం. కొన్నిసార్లు వీపు మీద రాయి. ఇవి కాక కొరడా, తిండి నీళ్లు పెట్టకపోవడం, జుట్టుకు జుట్టు ముడివేయడం. ఇవన్నీ పెద్ద బకాయిల కోసం కూడా కాదు. కొద్ది రూపాయల కోసం, ఒక్కోసారి బకాయి కట్టేశాక లంచం కోసం.

1855 నివేదిక ఈ హింస నిజమని, రాజధాని అంతటా వ్యాపించి ఉందని తేల్చింది. కానీ తెల్ల అధికారులకు దీనితో సంబంధం లేదని, తెలిస్తే ఊరుకునేవారు కాదని కూడా రాసింది. 1857 సెప్టెంబరులో ఇదే నివేదిక మీద మార్క్స్ ‘ట్రిబ్యూన్’లో రాసిన వ్యాసం ఆ రెండో మాటను ప్రశ్నించింది. నాకు కూడా ఆ మాట మింగుడుపడదు. జిల్లాలో ప్రతి తాలూకా కచేరీలోనూ ఉన్న చెక్కముక్క కలెక్టరు కంట మాత్రమే పడకపోవడం ఎలా సాధ్యం? అయినా నివేదిక వృథా కాలేదు. 1859 చట్టంతో మద్రాసు పోలీసు శాఖ రెవెన్యూ నుంచి విడిపోయింది. శిస్తు రేట్లు తగ్గించే పని మొదలైంది. తర్వాతి ఏళ్లలో మొహతర్ఫా కూడా రద్దయింది.

మండలి, చివరి రోజులు

నివేదిక వచ్చాక సంఘం ఇంకో అడుగు వేసి, కంపెనీ పాలన తీసేసి దేశాన్ని నేరుగా రాణి ఏలుబడిలోకి తీసుకోవాలని పార్లమెంటును కోరింది. 1858లో అదే జరిగింది. అయితే ఆ మార్పుకు కారణం ఉత్తరాది తిరుగుబాటే గాని అర్జీలు కావు. రాణి ప్రకటనతో రైతు బతుకు ఒక్కసారిగా బాగుపడలేదు. శెట్టి తరం దొరల న్యాయబుద్ధి మీద పెట్టుకున్న నమ్మకం మనకు ఈరోజు ఎక్కువే అనిపిస్తుంది. కానీ అప్పటికి వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

1861 చట్టం కింద మద్రాసు శాసనమండలిలో భారతీయులకు చోటు దొరికింది. 1862లో మొదటి సభ్యుడు వి. సదగోపాచార్లు. ఏడాదిలోనే ఆయన చనిపోగా, ఆ స్థానంలో లక్ష్మీనరసు శెట్టి వచ్చాడు. ప్రశ్నలు అడిగే హక్కు లేదు, బడ్జెట్ మీద మాట లేదు. సర్కారు తెచ్చిన బిల్లు మీద మాత్రమే మాట్లాడాలి. ఇరవై ఏళ్లు సర్కారును నిలదీసిన మనిషికి అది ఇరుకు కుర్చీ. సర్కారు స్టార్ ఆఫ్ ఇండియా బిరుదు కూడా ఇచ్చింది.

వర్తకంలో గడించిందంతా పత్రికకు, సంఘానికి, అర్జీలకు ఖర్చయింది. 1868లో చనిపోయేనాటికి ఆయన పేదవాడు. అప్పటికే సంఘం చల్లబడింది. దాని స్థానంలో మళ్లీ అలాంటిది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1878లో ‘ది హిందూ’, 1884లో మద్రాసు మహాజన సభ. సభ తొలి అధ్యక్షుడు పి. రంగయ్య నాయుడు, ముఖ్యుల్లో ఒకడైన పనప్పాకం ఆనందాచార్యులు, ఇద్దరూ తెలుగువాళ్లే. ఆనందాచార్యులు 1891లో నాగపూర్ కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు.

గుంటూరు సీమలో ఆ శిస్తు కథ అర్జీలతో ఆగలేదు. 1921–22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టబోమని కూర్చున్నారు. దాదాపు డెబ్బై ఏళ్ల కింద, 1855 నివేదికలో రైతు వేళ్ల మధ్య చిరతలు పెట్టినవాళ్లలో ఊరి ఉద్యోగులు ఉన్నారు. ఈసారి ఇక్కడి ఊళ్ల మునసబులు, కరణాలు వసూలు చేయబోమని రాజీనామాలు రాసిచ్చారు.